టేపు చివరి మడత

పోయిన వారం లెనోర్ పెట్రాష్‌ని పాత కామిక్ పుస్తకాల సంతలో, డెల్ఫీన్ ఓక్స్ బల్ల ముందు, చేతిలో ఒక పుస్తకంతో నిలబెట్టి వచ్చాం. ఆ పుస్తకంలో గొప్పేమీ లేదు. ఒహాయోలో ఏ అటక దులిపినా రాలే రకం కౌబాయ్ కథలు. విశేషమంతా దాన్ని పెట్టిన ప్లాస్టిక్ కవరు వెనక, మూత మీద అంటించిన టేపు ముక్కలో ఉంది.

టేపు చివర గోరంత లోపలికి మడిచి ఉంది. తిన్నగా కాదు. ఎడమపక్కకి, కాస్త కిందికి వాలి.

అలా మడిచే చెయ్యి ఈ వ్యాపారంలో ఒక్కటే. అది ఆమె మొగుడి చెయ్యి.

ఎమిల్‌ది ఎడమచేతి వాటం. పెళ్ళికి ముందెప్పుడో అతను కవరులోంచి ఒక పుస్తకం లాగుతుంటే టేపు జిగురు ముఖచిత్రానికి పట్టుకుని బొమ్మలో సగం రంగు ఊడొచ్చింది. ఆ రోజు నుంచీ టేపు చివర మడవకుండా అతను ఏ కవరూ మూయలేదు. మడిచిన చోట గోరు పెట్టి లాగితే టేపు మొత్తం శుభ్రంగా వచ్చేస్తుంది, పుస్తకం జోలికి పోదు. మిగతా వ్యాపారులకి అంత ఓపిక లేదు. ఉన్నవాళ్ళు కుడిచేత్తో తిన్నగా మడుస్తారు. ఇన్నేళ్ళలో ఆ వాలు మడత లెనోర్ తన దుకాణంలో తప్ప ఎక్కడా చూడలేదు.

ఆమె పెట్టెలోంచి ఇంకో పుస్తకం తీసింది. వాలు మడత. ఇంకోటి. వాలు మడతే. పెట్టె చివరిదాకా వేళ్ళతో దువ్వుకుంటూ పోయింది. వందల పుస్తకాలు, అన్నీ తన ఇంటి మడతే.

పెట్రాష్‌ల దుకాణం యంగ్స్‌టౌన్‌లో ఉంది. ఎమిల్ చూస్తాడు, లెనోర్ అమ్ముతుంది. చూడటమంటే పుస్తకం ఒంటి మీద దెబ్బలన్నీ వెతికి, దాని స్థితికి ఒక గ్రేడు కట్టడం. గుడ్, ఫైన్, వెరీ ఫైన్. మెట్టు ఎక్కినకొద్దీ ధర రెట్టింపు. పుస్తకాన్ని గట్టి ప్లాస్టిక్ పెట్టెలో బిగించి ముద్ర వేసిచ్చే కంపెనీలు అప్పటికింకా రాలేదు. అమ్మేవాళ్ళ మాటే ముద్ర. పక్క బల్ల మీద వెరీ ఫైన్ కంటే పెట్రాష్ ఫైన్ నయమని పేరు. ఫోన్లో లెనోర్ "ఫైన్" అంటే చాలు, పుస్తకం మొహం చూడకుండానే కాలిఫోర్నియా నుంచి చెక్కు వచ్చేది. ఆ ఒక్క మాట మీదే ఇల్లు, వ్యాను, దుకాణం అన్నీ నడిచాయి. ఆ మాట వెనకున్న సరుకు ఎమిల్ కన్ను.

ఆ సరుకు ఇప్పుడు ఎదుటి బల్ల మీద కనిపిస్తోంది.

మొగుడు పరాయి ఆడదాని వంక ఓ చూపు చూస్తే లెనోర్ అంతగా పట్టించుకునే మనిషి కాదు. చూపు చిల్లర ఖర్చు. కాసేపు సణిగి వదిలేయొచ్చు. కన్ను అలా కాదు. కన్ను పెట్టుబడి. అందులో సగం తనది. ఎమిల్ చూడటం నేర్చుకుంటున్న రోజుల్లో రెస్టారెంట్లో గిన్నెలు తోమి అద్దె కట్టింది తను. ఇవాళ ఆ పెట్టుబడి ఎత్తుకెళ్ళి ఇంకొకరి గల్లాపెట్టెలో పోశాడంటే, దానికి చిల్లర ఖర్చని పేరు పెట్టడం కుదరదు.

పైగా ఎవరికి? డెల్ఫీన్ ఓక్స్‌కి.

ఈ డెల్ఫీన్ ఎక్కడినుంచో ఊడిపడ్డ మనిషి. క్యాంటన్‌లో ఒంటరిగా ఉంటుంది. వ్యాపారంలోకి కొత్తగా వచ్చినా పాతికేళ్ళు నలిగినదానిలా పుస్తకం పట్టుకుంటుంది. ఎక్కడ నేర్చుకుందంటే నవ్వి ఊరుకుంటుంది. పొడుగాటి మనిషి. నెరిసిన జుట్టుకి రంగు వేయదు. పుస్తకం తెరవగానే ముందు వాసన చూస్తుంది. బఫెలోలో ఫలానా ప్రెస్సులో యుద్ధకాలంలో ఎర్ర సిరా పలచబడిందని ఆవిడ చెబుతుంటే ఎమిల్ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వినడం లెనోర్ ఓసారి చూసింది. తను ఇన్ని వేల పుస్తకాలు అమ్మింది గానీ ఒక్కటీ చివరిదాకా చదవలేదు. ఎర్ర సిరా గురించి మొగుడితో తనేం మాట్లాడుతుంది? ఆ రోజు పుట్టిన మంట కడుపులో ఇంకా ఆరలేదు.

ఆ మంట ఊరికే పోలేదు కూడా. ఏడాదిగా ఎవరు ఫోన్ చేసినా, మాటల మధ్య లెనోర్ ఒక ముక్క జారవిడుస్తూ వచ్చింది. ఓక్స్ బల్ల దగ్గర జాగ్రత్త, ఆవిడ గ్రేడులు మెత్తన, ఆవిడ ఫైన్ అంటే మన గుడ్ అనుకోండి, అని. వినేవాళ్ళు విన్నారు. డెల్ఫీన్ బల్ల ముందు జనం పలచబడ్డారు.

"ఏంటమ్మా లెనోర్, శత్రువు పెట్టెలో చేపలు పడుతున్నావా?"

పక్క బల్ల ఖౌరీ. టొలీడో నుంచి వస్తాడు. పెద్ద పొట్ట, నోట్లో ఎప్పుడూ పిస్తాపప్పు. సంత తలుపులు జనానికి రేపు పొద్దున తెరుస్తారు. ఇవాళంతా వ్యాపారులు బల్లలు సర్దుకుంటూ ఒకళ్ళ సరుకు ఒకళ్ళు కొనుక్కునే రోజు. అసలు బేరాలన్నీ ఇవాళే జరుగుతాయి. కబుర్లు కూడా.

డెల్ఫీన్ వ్యానులోంచి పెట్టెలు దింపుకోవడానికి వెళ్ళిందని ఖౌరీ చెప్పాడు. తర్వాత పిస్తా తొక్క చేతిలోకి ఉమ్మి, చాలా రోజులుగా ఒక మాట అడుగుదామనుకుంటున్నానన్నాడు. ఒకే సంచిక మొన్న పెట్రాష్‌ల దగ్గరా చూశాడట, ఇక్కడా చూశాడట. అక్కడా ఫైన్, ఇక్కడా ఫైన్, ఒకే రకం లోపానికి ఇద్దరూ ఒకేలా గ్రేడు తగ్గించారట. కవలపిల్లల్లా ఉన్నాయన్నాడు.

"మీ ఆయన గానీ ఈవిడకి ట్యూషన్ చెబుతున్నాడా ఏంటి?"

"చెబితే ఫీజు నా చేతికి రావాలిగా," అంది లెనోర్, నవ్వుతూనే.

నవ్వు మొహం మీద ఉండగానే లోపల లెక్క నడిచింది. బుధవారాలు. ఏడాదిగా బుధవారం వస్తే ఎమిల్ ఎక్కడో పాత ఇంటి సామాన్లు అమ్ముతున్నారని చెప్పి పోవడం, చీకటి పడ్డాక ఏమీ కొనకుండా రావడం. ఏం దొరికిందంటే, చెత్త, అనడం. ఈ వ్యాపారంలో ఏడాదిపాటు వారం వారం చెత్తే చూసొచ్చే మనిషి ఉండడు. ఆ లెక్క తను ఎప్పుడో తేల్చుకోవాల్సింది. తన కళ్ళ ముందే అన్ని అంకెలూ ఉన్నా కూడటం మానేసింది.

బల్ల దగ్గర మనిషి లేనప్పుడు తన పేరు కార్డు పెట్టి పుస్తకం తీసుకెళ్ళి చూసుకోవడం వ్యాపారుల్లో మామూలే. లెనోర్ కార్డు పెట్టింది. కౌబాయ్ పుస్తకం చంకలో పెట్టుకుని తన బల్లకేసి నడిచింది.

ఎమిల్ బల్ల వెనక కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో 'మూన్‌గేట్ మిస్టరీస్' మూడో సంచిక. ముఖచిత్రం అంతా నల్లటి రాత్రి, మధ్యలో ఒక్క కిటికీ వెలుగు. బొటనవేలితో దాని అంచు మెల్లిగా తడుముతున్నాడు, పసివాడి చెవి నిమిరినట్టు. ఈ సంతకి వాళ్ళు తెచ్చిన మేలు సరుకు అదే. పొద్దున ఇండియానాలోని ఫోర్ట్ వేన్ నుంచి హార్లన్ క్విగ్లీ వచ్చి చూశాడు. పళ్ళ డాక్టరు, పెద్ద చెక్కుల మనిషి కాబట్టి సర్దుకునే రోజే అతన్ని లోపలికి రానిస్తారు. ఎమిల్ వెరీ ఫైన్ అన్నాడు, లెనోర్ ధర చెప్పింది, క్విగ్లీ చెయ్యి కలిపి, బ్యాంకుకి వెళ్ళి చెక్కు తెస్తానని బయల్దేరాడు. క్విగ్లీ అంటే ఒక్క క్విగ్లీ కాదు. అతను ఎక్కడ కొంటే ఇండియానాలో సగంమంది అక్కడ కొంటారు. అతను పెదవి విరిస్తే వాళ్ళూ విరుస్తారు.

లెనోర్ ఎమిల్ మోచెయ్యి పట్టి లేపి, బల్ల వెనక నీలం గుడ్డ తెర అవతలికి లాక్కెళ్ళింది. ఖాళీ పెట్టెల మధ్య నిలబెట్టి, కౌబాయ్ పుస్తకం చేతిలో పెట్టింది.

"దీన్ని కవరులో పెట్టిందెవరో చెప్పు."

ఎమిల్ పుస్తకం వంక చూడలేదు. వెనక్కి తిప్పి వేలితో టేపు చివర తడిమాడు. మడత దగ్గర వేలు ఆగింది.

"నేనే," అన్నాడు.

బుకాయిస్తాడని ఆమె దారంతా జవాబులు పేర్చుకుంటూ వచ్చింది. అవన్నీ పనికిరాకుండా పోయాయి. దాంతో కోపం రెట్టింపయింది. గొంతు పెంచకుండానే అంతా కక్కేసింది. బుధవారాల సంగతి అడిగింది. చెత్త సంగతి అడిగింది. మోకాలి నొప్పి అని వ్యాను తనచేత నడిపిస్తున్నాడే, ఆ మోకాలు క్యాంటన్ వెళ్ళేటప్పుడు నొప్పెట్టదా అని అడిగింది. పోదలుచుకుంటే పొమ్మంది. బట్టలు తీసుకుపో, వ్యాను తీసుకుపో, బోర్డు మీద పేరు మాత్రం ఇక్కడే ఉంటుంది అంది. ఆవిడ నీకు వండి పెట్టినా, ఇంకేం పెట్టినా నేనడగను అని కూడా అంది. ఆ మాట అబద్ధం, అది ఇద్దరికీ తెలుసు.

"కానీ నీ కన్ను ఆవిడకిచ్చావు. అదెలా ఇచ్చావు ఎమిల్? అందులో సగం నాది."

ఎమిల్ పెట్టె మీద కూలబడ్డాడు.

"నా కన్ను తీసుకుని ఆవిడేం చేసుకుంటుంది?" అన్నాడు. "నువ్విప్పుడు ఏడుస్తున్నావో పళ్ళు కొరుకుతున్నావో నాకు తెలీదు లెనోర్. నీ జుట్టు కనిపిస్తోంది. చెవులు కనిపిస్తున్నాయి. మధ్యలో మొహం లేదు."

ఆమెకి వెంటనే అర్థం కాలేదు. అతను చెప్పుకుంటూ పోయాడు. ముందు కుడికన్ను. అద్దం మీద ఎవరో బొటనవేలు పెట్టి నులిమినట్టు, చూసే చోట సరిగ్గా మధ్యలో ఒక మసక. పక్కలన్నీ బాగానే ఉంటాయి, కావలసింది మాత్రం కనిపించదు. తర్వాత ఎడమది. డాక్టరు దగ్గరికి ఒక్కడే వెళ్ళాడు. పోయిన చూపు రాదని, ఉన్నది కొన్నాళ్ళు నిలిస్తే అదృష్టమని డాక్టరు చెప్పాడు. ఇంటికి వచ్చేసరికి లెనోర్ ఫోన్లో ఎవరితోనో అంటోంది, మా ఆయన కన్ను పడ్డ పుస్తకానికి మళ్ళీ చూపు అక్కర్లేదండీ అని. ఆ మాట విన్నాక చెప్పడానికి నోరు రాలేదన్నాడు.

తర్వాత ఒక సంతలో డెల్ఫీన్ బల్ల దగ్గర ఒక పుస్తకం చేతిలోకి తీసుకుని, శుభ్రంగా ఉందని మెచ్చుకున్నాడట. ఆవిడ అటూ ఇటూ చూసి, ఎవరికీ వినబడకుండా, దాని మీద కాఫీ కప్పంత మరక ఉంది మిస్టర్ పెట్రాష్, అంది. అంతే. మరి రెండో మాట అడగలేదు. బుధవారం ఇంటి దగ్గరే ఉంటానని మాత్రం చెప్పింది.

"ఈ కళ్ళతో క్యాంటన్ దాకా హైవే మీద నడిపావా?"

"బస్సులో వెళ్ళేవాణ్ణి. వ్యాను చర్చి వెనక పెట్టి. ఆ నాలుగు వీధులూ కళ్ళు మూసుకున్నా తెలుసు." కాస్త ఆగి, "దాదాపు మూసుకున్నట్టే," అన్నాడు.

కొత్తగా కొన్న పుస్తకాలన్నీ పిక్నిక్ పెట్టెలో సర్దుకుని, ఒళ్ళో పెట్టుకుని, బస్సులో కూర్చునేవాడట. ఎవరైనా అడిగితే చేపలన్నాడట. డెల్ఫీన్ దీపం కింద ఒక్కో పుస్తకం చూసి గ్రేడు చెప్పేది. అతను గుర్తుపెట్టుకునేవాడు. ఆమెకి డబ్బివ్వబోతే పుచ్చుకోలేదు. ఊరికే చేయించుకోవడం అతనికి ఇష్టం లేదు. అందుకని ఆమె పుస్తకాలు పాత కవర్లలోంచి తీసి, కొత్తవాటిలో పెట్టి, టేపు వేసి ఇచ్చేవాడు.

"చేతులు బాగానే ఉన్నాయిగా," అన్నాడు ఎమిల్.

మొగుడు చెయ్యి దాటిపోలేదని తెలిస్తే ఏ ఆడదానికైనా గుండె తేలికపడాలి. లెనోర్‌కి పడలేదు. ఎందుకంటే ఆమె బుర్ర అప్పటికే రెండోసారి కూడిక మొదలుపెట్టింది, ఈసారి మొత్తం తలకిందులుగా వచ్చింది. డెల్ఫీన్ ఆమెనుంచి ఏదీ పట్టుకుపోలేదు. ఏడాదిగా పోస్తూ వచ్చింది. లెనోర్ ఫోన్లో గొంతు సవరించుకుని "పెట్రాష్ ఫైన్" అన్న ప్రతిసారీ అది ఓక్స్ ఫైన్. ఆవిడ గ్రేడులు మెత్తన అని ఊరంతా చాటుతూ, ఆవిడ గ్రేడుల మీదే అందరికంటే ఎక్కువ ధర గుంజింది. ఆ చాటింపు డెల్ఫీన్ చెవిన పడే ఉంటుంది. పడినా బుధవారం తలుపు తీసింది.

మోసం చేసి ఉంటే బాగుండేది. మోసానికి కోపం తెచ్చుకోవచ్చు, కోర్టుకి వెళ్ళొచ్చు, మొహం మీద తలుపు వేయొచ్చు. తనకి చెప్పకుండా మేలు చేసిన మనిషిని ఏం చేయాలి? అంతకుముందు డెల్ఫీన్ జుట్టు మీద, పొడుగు మీద, ఎర్ర సిరా కబుర్ల మీద ఉన్న కుళ్ళంతా పిల్ల అసూయలా కనిపించింది. అసలుది ఇప్పుడు మొదలైంది. తన మొగుడికి చూపు పోతున్న సంగతి తనకంటే ముందు ఆ మనిషికి తెలుసు. ఇన్నాళ్ళూ ఒక మంచం మీద పడుకుని తను గమనించలేదు. ఆవిడ ఒక్క పుస్తకంతో కనిపెట్టింది.

ఇక్కడ ఇంకొకతె అయితే ఏడ్చేది. లెనోర్ వ్యాపారి. ఆమె నోటినుంచి వచ్చింది ఒక్క ప్రశ్న.

"ఆవిడ చూడనివి ఏమున్నాయి?"

ఎమిల్ చేతిలోని కౌబాయ్ పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"ఎమిల్. మన బల్ల మీద ఉన్నవాటిలో, ఆవిడ చూడనివి."

"ఒక్కటే," అన్నాడు.

మూన్‌గేట్. వారెన్‌లో ఒక ముసలాయన పోతే పిల్లలు అమ్మేశారు. కొన్న తర్వాత బుధవారం రాలేదు, సంత వచ్చిపడింది. ఎమిల్ దాన్ని వేళ్ళతో చూశాడు. అంచులు ఎవరూ కత్తిరించలేదు, వేలికి తెలుస్తుంది. పిన్నులు తుప్పు పట్టలేదు. కాగితం వాసన తియ్యగా లేదు, అంటే లోపల పసుపెక్కలేదు. ఇవన్నీ నిజం. కానీ నల్ల ముఖచిత్రానికి ఉండే జబ్బు వేరు. నలుపు గీరుకుపోయిన చోట తెల్లగా కాగితం బయటపడుతుంది. ఆశ ఆగని ఎవడో పెన్ను తీసుకుని ఆ తెలుపు మీద నల్లగా దిద్దుతాడు. దిద్దితే పుస్తకం బాగుపడిందనుకుంటాడు. ఈ వ్యాపారంలో దానికి మించిన తప్పు లేదు. గీరుడున్న పుస్తకానికి ధర తగ్గుతుంది, దిద్దిన పుస్తకానికి ధరే పోతుంది. అది వేలికి అందదు. దీపం కింద వాల్చి పట్టుకున్న కన్నుకే అందుతుంది.

లెనోర్ తెర బయటికి వచ్చి మూన్‌గేట్‌ని తనే దీపం కింద పెట్టింది. అటు వాల్చింది, ఇటు వాల్చింది. అంతా నలుపే. అందంగా ఉంది. అమ్ముడుపోయేలా ఉంది. ఏ పుస్తకం చూసినా ఆమెకి కనిపించేది అదేనని మొదటిసారి తెలిసింది.

నడవకి అవతల డెల్ఫీన్ తిరిగొచ్చింది. బల్ల మీద లెనోర్ కార్డు చేతిలోకి తీసుకుని చదువుతోంది.

లెనోర్ పుస్తకాన్ని రెండు చేతులతో పట్టుకుని నడవ దాటింది. ఖౌరీ పిస్తా నమలడం ఆపాడు. ఆ ఇద్దరూ ఒక బల్ల దగ్గర నిలబడటం అతనెప్పుడూ చూడలేదు.

"ఎమిల్ చెప్పాడు," అంది లెనోర్.

డెల్ఫీన్ తల ఊపింది. కార్డు బల్ల మీద పెట్టింది. మొహంలో భయంలాంటిదేదో మెరిసి మాయమైంది. లెనోర్ దాన్ని సంకోచం అనుకుంది.

"నామీద నువ్వు ప్రచారం చేసిందంతా విన్నాను," అంది డెల్ఫీన్. "అడుగుతావనుకుంటా, విని కూడా ఎందుకు చూసిపెట్టావని."

"అడగను."

"అయినా చెబుతా. నీమీద నాకు ఎంత కుళ్ళో నీకు తెలీదు. ఒకే పుస్తకం, ఒకే కన్ను. నా బల్ల మీద ఫైన్ అని రాస్తే నెలలు పడుంటుంది. అదే ఫైన్ నీ నోట్లోంచి వస్తే సాయంత్రానికి పోతుంది. నా గ్రేడు నీ గొంతులో ఎంత పలుకుతుందో వినడానికి, నీ దుకాణానికి వేరే పేరు చెప్పి రెండుసార్లు ఫోన్ కూడా చేశాను. భలే అమ్ముతావు."

లెనోర్‌కి అది మెచ్చుకోలులా వినిపించలేదు, తిట్టులా కూడా లేదు. పుస్తకం ముందుకి జరిపింది. డెల్ఫీన్ కవరు విప్పి, ముందు వాసన చూసి, దీపం కిందికి వంచి, పుస్తకాన్ని గాలిలో తేల్చినట్టు వాల్చింది. ఎక్కువసేపు పట్టలేదు. చిటికెనవేలి గోరు వెన్ను మడత పక్కన ఒకచోట ఆపింది, తర్వాత కింది మూల దగ్గర.

"ఇక్కడ. ఇక్కడ. అచ్చు నలుపు మెరుస్తుంది, ఇది మెరవట్లేదు. పెన్ను."

చూపించాక లెనోర్‌కీ కనిపించింది. అన్నంలో రాయిలా, ఒకసారి తగిలాక ఇక అదే తగులుతోంది.

అప్పుడే నడవ చివర హార్లన్ క్విగ్లీ కనిపించాడు. పొట్టి మనిషి, బో టై, కోటు జేబు మీద చెయ్యి. ఆ జేబులో చెక్కు ఉందని నడకలోనే తెలుస్తోంది.

డెల్ఫీన్ గొంతు తగ్గించింది. "నోళ్ళలోకి తొంగిచూసే కన్ను అతనిది. దీన్ని పట్టుకోలేడు. నువ్వు అమ్ముకుంటే అమ్ముకో. నేను చూడలేదు."

ఆ ఒక్క మాట అనకుండా ఉంటే లెనోర్ ఏం చేసేదో చెప్పడం కష్టం. నాలుక చివర "వెరీ ఫైన్" సిద్ధంగా ఉంది, చెయ్యి కలిపిన బేరం ఉంది, ఇండియానాలో సగం ఉంది. కానీ డెల్ఫీన్ మళ్ళీ ఇవ్వబోతోంది. ఏడాదిపాటు కన్నిచ్చింది, ఇప్పుడు మౌనం ఇస్తానంటోంది. దీన్ని కూడా పుచ్చుకుంటే ఇక జన్మలో ఈ మనిషి ముందు తలెత్తడం కుదరదు. నష్టం ఎంతైనా భరించొచ్చు గానీ, ఈవిడ దగ్గర ఇంకొక్క మేలు భరించడం లెనోర్ వల్ల కాదు.

క్విగ్లీ వచ్చి ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. పులీ మేకా ఒక రేవులో నీళ్ళు తాగుతున్నాయే అని నవ్వాడు. చెక్కు తీసి పట్టుకున్నాడు.

"లోపల పెట్టుకోండి డాక్టర్‌గారూ," అంది లెనోర్. "దీనిమీద పెన్ను పడింది. నేను పట్టుకోలేదు. మా ఆయనా పట్టుకోలేదు. ఈవిడ పట్టుకుంది."

క్విగ్లీ చెక్కు వెనక్కి తీసుకోలేదు, ముందుకీ చాపలేదు. పెట్రాష్ పట్టుకోకపోవడమేమిటన్నాడు. అది జోకైతే తనకి అర్థం కాలేదన్నాడు.

"ఎమిల్‌కి చూపు తగ్గింది. ఏడాదిగా మీరు నా దగ్గర కొన్నవన్నీ ఈవిడ చూసినవే. గ్రేడు ఈవిడది, నోరు నాది. మెత్తన అని మీకు చెప్పానే, ఆ గ్రేడులే అవి."

అనేసింది. అన్నాక ఒళ్ళంతా తేలికైంది. ఖౌరీ నోరు తెరిచి ఉంది, పిస్తా ఎక్కడిదక్కడే ఉంది. అటుపక్క రెండు బల్లలవాళ్ళు సర్దుకోవడం ఆపి చూస్తున్నారు. క్విగ్లీ చాలాసేపు డెల్ఫీన్ మొహంలోకి చూశాడు. ఇంతకాలం ఆమె మొహం అతనెప్పుడూ అంత శ్రద్ధగా చూసి ఉండడు. చూసినకొద్దీ అతని కనుబొమలు దగ్గరికి వచ్చాయి, ఎక్కడో చూసిన మనిషిని గుర్తు తెచ్చుకుంటున్నట్టు.

వెనకనుంచి ఎమిల్ వచ్చాడు. బల్లల అంచులు వేళ్ళతో తడుముకుంటూ వచ్చాడు. అతను అలా నడవడం లెనోర్ ఇప్పుడే చూసింది, ఎన్నాళ్ళనుంచి అలా నడుస్తున్నాడో. మొహం పాలిపోయి ఉంది.

"అందరి ముందూ చెప్పేశావా?" అన్నాడు.

"ఇంక దాచేదేముంది ఎమిల్? నీ పరువు నేను చూసుకుంటా."

"నా పరువు కాదు." "నీ దగ్గర దాచమన్నది నేను కాదు లెనోర్. మొదటి బుధవారమే నీకు చెప్పేస్తానన్నాను. చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకుంది ఆవిడ. మన పుస్తకాలు చూసేది తనేనని ఎవరికీ తెలియకూడదంది."

లెనోర్ డెల్ఫీన్ వైపు తిరిగింది. ఇద్దరి మధ్యా ఇంకో రహస్యం ఉందన్నమాట. చల్లారిందనుకున్న మంట ఒక్కసారిగా మళ్ళీ లేచింది.

డెల్ఫీన్ ఆమెని చూడటం లేదు. ఎమిల్‌నీ చూడటం లేదు. ఎక్కడ గుర్తుపడతాడోనన్నట్టు క్విగ్లీనే చూస్తూ చెయ్యి చాపి దీపం ఆర్పేసింది. బల్ల కిందినుంచి ఖాళీ పెట్టె ఒకటి లాగి, ఇంకా జనం అడుగైనా పెట్టని సంతలో, పొద్దున్నుంచి పేర్చిన పుస్తకాలు ఒక్కొక్కటే తీసి దాంట్లో సర్దడం మొదలుపెట్టింది.